పెళ్లి చేస్తే తగ్గే జబ్బు

ఇనుము మాత్రల డబ్బా మూత తీస్తే ఒక వాసన వస్తుంది, వానలో నానిన మేకు వాసన. పలాసలో నేను జువాలజీ చెప్పే ఆడపిల్లల కాలేజీలో వారానికోసారి ఆ మాత్రలు పంచే పని నాదే. శరీరం గురించి పాఠం చెప్పే మనిషిని కాబట్టి పిల్లల శరీరాలకు సంబంధించిన సమస్త వ్యవహారాలూ నా నెత్తినే ఉండాలని మా ప్రిన్సిపాలు గారి ఉద్దేశం. కిందటి నెల ఒకరోజు డబ్బా తెరిచాను; ఆ వాసన ఇంకా ముక్కులో ఉండగానే, వరసలో నాలుగో పిల్ల తలుపు పట్టుకుని అలాగే నేల మీదికి జారిపోయింది. పెదవుల్లో నెత్తురు చుక్క లేదు. కబురు పంపితే తల్లి జీడిపప్పు కార్ఖానా నుంచి పరుగెత్తుకొచ్చింది. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. పిల్లకి రెండేళ్లుగా నెలలో పదేసి రోజులు నెత్తురు పోతోందట. ఎవరికైనా చూపించారా అని అడిగాను. "సూపించకేటమ్మా, సూపించినాం. పెళ్లి సేసేత్తే అదే సర్దుకుంతాదన్నారు" అంది. జలుబుకి మిరియాల కషాయం తాగమన్నారన్నంత మామూలుగా అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్ల కిందట ఇదే మాట నా గురించి అన్నారు. రోడ్లు వెడల్పయ్యాయి, ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, ఈ మాట మాత్రం చెక్కు చెదరలేదు. మర్నాడే ఆ తల్లీకూతుళ్లను టెక్కలి తీసుకెళ్లి ఆసుపత్రిలో లేడీ డాక్టరుకి చూపించాను. మందు మొదలుపెట్టారు, పిల్ల కోలుకుంటోంది. దాని కథ అక్కడితో సుఖాంతం. నన్ను మాత్రం ఆ రోజు నుంచీ ఎస్తేరమ్మ గారు వదలడం లేదు.

ఆవిడ ఉద్దానంలో, సముద్రపు హోరు వినబడే దూరంలో ఉన్న మా ఊరికి నర్సుగా వచ్చారు. ఊరి చివర రెండు గదుల ఆరోగ్య ఉపకేంద్రం ఆవిడ రాజ్యం. పొట్టి మనిషి, మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు, ఆదివారం తప్పకుండా పలాసలో బాప్టిస్టు చర్చి. ఊరంతా సిస్టరమ్మ అనేవారు. ఆవిడకున్న అసలు ఆస్తి గొంతు. కొబ్బరితోటలో ఈ చివర మాట్లాడితే ఆ చివర వినబడేది. మా ఇళ్లలో ముట్టు అనే మాట ఎవరూ నోటితో అనరు. "బయటుంది" అంటారు, లేదా "తలనొప్పిగా ఉంది" అంటారు. ఎస్తేరమ్మ గారు మాత్రం నడివీధిలో నిలబడి, "ఏటమ్మా, ఈ నెల ముట్టొచ్చిందా, ఎన్రోజులుంది?" అని కేకేసేవారు. మా అమ్మ తలుపు చాటుకి తప్పుకునేది. "నెమ్మదిగా అడగొచ్చు కదా సిస్టరమ్మా, మగోళ్లున్నారు" అని ఒకసారి బతిమాలింది. "జొరమొచ్చిందని నెమ్మదిగా సెప్తావేటి? ఇదీ ఒళ్లే కదా. మగోళ్లు ఇంటే ఇననీ, ఆళ్లూ దీంట్లోంచి వొచ్చినోళ్లే" అన్నారావిడ. అప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు క్లాసులో అరవై మంది ముందు గర్భాశయం బొమ్మ గీస్తూ నా గొంతు తగ్గకుండా ఉండడానికి కారణం ఆ సిగ్గే.

నా సంగతి చెప్పే ముందు మా అప్ప సంగతి చెప్పాలి. అక్కని మా వైపు అప్ప అంటాం. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. ఇద్దరు పిల్లలు పుట్టాక దానికి నెత్తురు ఎక్కువ పోవడం మొదలైంది. ఊళ్లో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ డాక్టరు, "ఉంచితే కేన్సరవుతాది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇల్లంతా వణికిపోయింది. ఇక దాన్ని ఏదో నర్సింగ్ హోముకి తీసుకెళ్లి, ఇరవై ఆరేళ్లకే గర్భసంచి తీయించేశారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారని చాలా ఏళ్ల తర్వాత కాగితాలు చూసి నేనే కనిపెట్టాను; అప్పుడు దానికి ఎవరూ చెప్పలేదు, అది ఎవరినీ అడగలేదు. మా పక్క సంచి తీయించుకోవడమంటే పుచ్చిన పన్ను పీకించుకోవడం లాంటిది. పెరట్లో గిన్నెలు తోముకుంటూ నాకూ తీసేశారు, నీకెప్పుడు తీశారు అని మాట్లాడుకుంటారు. ముప్ఫై దాటకుండానే అప్పకి ముట్లుడిగినవాళ్లలా ఒళ్లంతా ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్రలేమి. పని ఎక్కువైందన్నారు అందరూ. పని ఎప్పుడు తక్కువుంది దానికి?

అప్పకి ఆపరేషనైన రెండేళ్లకి నా వంతు వచ్చింది. టెక్కలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెలలో పన్నెండు రోజులు పోయేది. ఆ పన్నెండు రోజులూ పెరటి వసారాలో వేరే చాప, వేరే కంచం. బస్సులో కూర్చుంటే లేవడానికి భయం, లేస్తే కళ్లు తిరగడం. నొప్పికి కిళ్లీకొట్టులో దొరికే గోలీలు రోజుకి మూడు నాలుగు మింగేదాన్ని. పరీక్షలకి హాజరు చాలదని కాలేజీ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. అమ్మ అప్పుడే మేనత్తతో మాట్లాడడం మొదలుపెట్టింది. హరిశ్చంద్రపురంలో ఉండే మా అత్త కొడుకు, నాకు బావ. చెడ్డవాడేం కాదు. కానీ నేను లెక్చరరు కావాలనుకున్నాను, అతనికి భార్యను కావాలనుకోలేదు. ఆర్‌ఎంపీ సలహా తయారుగానే ఉంది. "పెళ్లి సేసీండి. ఒక్క కాన్పయితే అదే సర్దుకుంతాది. సర్దుకోకపోతే పెద్దమ్మాయికి తీసినట్టే తీసీవొచ్చు." నా చదువు, నా పెళ్లి, నా గర్భసంచి, మూడింటికీ కలిపి ఆయన ఒక్క చీటీ రాసేశాడు.

ఎస్తేరమ్మ గారు ఒక పొద్దున్న పెరటి వైపు నుంచి వచ్చి నన్ను ఆ వసారాలో చూశారు. కింది రెప్ప లాగి చూశారు. నా దిండు పక్కన ఖాళీ గోలీల రేకులు కనబడ్డాయి. అప్పుడు లేచింది గొంతు. "ఇయ్యెన్ని మింగుతున్నావే రోజుకి? ఉద్దానంలో పుట్టి నొప్పిగోలీలు గుప్పెళ్లతో మింగుతావా? మీ సిన్నాన్న ఏటైపోయి సచ్చిపోనాడు?" ఉద్దానమంతా కిడ్నీ జబ్బే, మా చిన్నాన్న కూడా కిడ్నీలు పాడై పోయాడు. మా ఊళ్లో పలక పట్టని పిల్లలకి కూడా, కిడ్నీల బాగోగులు చెప్పే క్రియాటినిన్ అనే మాట వచ్చు. అంత భయంలో బతుకుతూ, కిడ్నీలకు పడని గోలీలను మాత్రం బెల్లంముక్కల్లా మింగేదాన్ని. అవి అందరూ మింగేవే కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.

మర్నాడు ఆవిడే నన్ను బస్సెక్కించి టెక్కలి తీసుకెళ్లారు. లేడీ డాక్టరు స్కానింగు చేయించారు, రక్తం చూశారు. హిమోగ్లోబిన్ ఆరు. గడ్డలేవీ లేవు, హార్మోన్ల తేడా వల్ల గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగి, నెత్తురు ఎక్కువ పోతోంది, రెండు హార్మోన్లున్న మాత్రలు వాడితే ఆ పొర పలచగా ఉంటుంది, నెత్తురూ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది, ఒంట్లో రక్తం నిలుస్తుంది అని చెప్పారు. ముందు బీపీ చూశారు, క్రియాటినిన్ పరీక్ష చేయించారు. తలనొప్పితో కళ్లముందు మెరుపులు వస్తాయా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, పొగ తాగుతావా అని ఒక్కొక్కటీ అడిగారు. ఇవి అందరికీ పడవు, అడిగే ఇవ్వాలి అన్నారు. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో అండాశయానికీ, గర్భాశయం లోపలి పొరకీ వచ్చే కేన్సర్లు తక్కువ అని కూడా చెప్పారు. నేను బిత్తరపోయాను. కేన్సరని బెదిరించి మా అప్పకి ఒళ్లు కోశారు. ఈవిడేమో ఒక మాత్ర పేరు చెబుతున్నారు.

తీరా ఆవిడ రాసిచ్చినవి ఏమిటంటే, పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలు. ఆ అట్ట మీద మొగుడూ పెళ్లామూ ఇద్దరు పిల్లలూ నవ్వుతున్న బొమ్మ. బస్సులో దాన్ని పుస్తకంలో దాచి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తున్నాను. "బొమ్మ మింగుతావా, మాత్ర మింగుతావా?" అన్నారు ఎస్తేరమ్మ గారు, బస్సంతా వినబడేలా. ఇంట్లో రక్తం పట్టే మాత్రలని మాత్రమే చెప్పి, అట్ట పెట్టెలో దాచాను. మా అమ్మమ్మ, "ఆ మాత్తర్లేవో నాకూ ఇయ్యమ్మా, కాళ్లు లాగుతున్నాయి" అని చేయి చాపింది. అమ్మమ్మ చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి. "నీకు కాదు ముసలమ్మా. ముందా అడ్డపొగ మానీ, తర్వాత సూత్తాను" అని ఆవిడ గదిమితే, ఆ ఇంట్లో ఆ నెలలో మొదటిసారి అందరం నవ్వాం.

ఇక్కడొక చిక్కొచ్చింది. ఆ మాత్రలు ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు, కానీ ఇచ్చినట్టు రాయాల్సిన రిజిస్టరు దంపతులది. భార్య పేరు, భర్త పేరు, పిల్లలెంతమంది. పెళ్లికాని పిల్లకి అందులో గడి లేదు. ఆశా కార్యకర్త, "ఏదో ఒక మగపేరు రాసీ సిస్టరమ్మా, ఎవడు సూసొచ్చాడు" అంది. ఎస్తేరమ్మ గారు ఒప్పుకోలేదు. నా పేరు రాసి, భర్త గడిలో అడ్డగీత గీసి, పక్కన 'అధిక రక్తస్రావానికి మందు, డాక్టరు చీటీ ఉంది' అని రాశారు. "జొరానికి మందిత్తే మొగుడి పేరు అడుగుతారేటి?" అన్నారు. ఉన్నది ఉన్నట్టు రాశారు. తర్వాత ఆవిడ మెడకి చుట్టుకున్నది ఆ గీతే.

మూడు నెలల్లో నేను మనిషినయ్యాను. నాలుగు రోజుల్లో ఆగిపోయేది. గోలీలు మానేశాను. మెట్లెక్కితే గుండె కొట్టుకోవడం పోయింది, ఆకలి వచ్చింది, మొహం మీద మొటిమలు కూడా తగ్గాయి. పరీక్షలు రాశాను. అంతలో మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన మేనత్త, దువ్వెన కోసం నా పెట్టె తీసింది.

ఆ పూట ఇంట్లో జరిగింది పూర్తిగా రాయలేను. "ఇయ్యేటి? ఇయ్యెవుతి మింగుతాదో నాకు తెలీదనుకున్నావా?" అని అత్త ఆ అట్ట నట్టింట్లోకి విసిరింది. అమ్మ నన్ను కొట్టింది. ఎవడు, ఎవడు అని అడుగుతూ కొట్టింది. అంతకుముందు ఏడాదిపాటు నెత్తురోడుతూ వసారాలో పడుంటే, ఎందుకు పోతోందని ఒక్కరూ అంత గట్టిగా అడగలేదు. చివరికి అత్త ఇంకో మాట అందుకుంది. "ఆటితో కిడ్నీలు పోతాయి, పిల్లలు పుట్టరు. ఇలాటి గుంటని నా కొడుక్కెలా సేసుకోను?" అరుగు మీద నలుగురు చేరారు. ఆర్‌ఎంపీ కూడా వచ్చి, పెళ్లి మాట మళ్లీ ఎత్తాడు.

ఎవరు చెప్పారో, ఎస్తేరమ్మ గారు గొడుగు ముడవకుండానే లోపలికొచ్చారు. "పెళ్లి మందా? ఏ కంపెనీ సేత్తాదయ్యా? పొద్దున్నొకటీ రాత్తిరొకటీ ఏసుకోవాలా?" అన్నారు అతనితో. అతను నోరు తెరిచేలోగా అందరి వైపూ తిరిగారు. "ఒళ్లు కోసి సంచి తీసి పారీడానికి మీకు సిగ్గు నేదు. ఊరు ఊరంతా సెప్పుకుంతారు. అది ఉండీలాగ ఒక మాత్ర మింగితే సిగ్గొచ్చిందా? ఈ పిల్ల ఏ తప్పూ సెయ్యనేదు. సేసినా మందు మందే. ఇరవయ్యారేళ్ల పిల్లని కోసీసినప్పుడు ఒక్కడూ అడగనేదు, ఇప్పుడు..." అంటూ గోడవార కూర్చున్న మా అప్పని చూశారు. మాట అక్కడే ఆగిపోయింది. అంత గొంతూ ఏమైపోయిందో, చీర చెంగుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి నా క్రియాటినిన్ కాగితం తీసి మా నాన్న చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

మా నాన్న తన తమ్ముణ్ణి రెండేళ్లు డయాలసిస్‌కి మోసిన మనిషి. చదువు రాకపోయినా ఆ కాగితంలో ఏ అంకె ఎక్కడుంటుందో తెలుసు. చాలాసేపు చూశాడు. "కిడ్నీలు బాగున్నాయి. సిస్టరమ్మ సెప్పినట్టే కానీండి. పెళ్లి ఇప్పుడొద్దు" అన్నాడు. నేను ఏడ్చి చెప్పిన నిజం గెలవలేదు, ఆవిడ ఉద్యోగం పణంగా పెట్టి చెప్పిన నిజం గెలవలేదు, లేబొరేటరీ కాగితం గెలిచింది. గెలిచినందుకు సంతోషించాలో, ఎందువల్ల గెలిచిందో తలుచుకుని మండిపడాలో ఇప్పటికీ తేలదు నాకు.

నెల తిరక్కుండానే ఆవిడ మీద ఫిర్యాదు వెళ్లింది. పెళ్లికాని పిల్లలకి కుటుంబ నియంత్రణ మాత్రలిచ్చి చెడగొడుతోందని. పైనుంచి వచ్చిన అధికారికి ఊరివాళ్లు చూపించిన సాక్ష్యం రిజిస్టరులో ఆ అడ్డగీత. ఆవిడని ఇచ్ఛాపురం అవతల, ఒడియా మాట్లాడే పల్లెలకి బదిలీ చేశారు. దొంగ మొగుడి పేరు రాసుంటే మా ఊళ్లోనే రిటైరయ్యేవారు. సంచులు తీసే దారి చూపించిన ఆర్‌ఎంపీకి మాత్రం ఆ ఏడు ఊరి వినాయకుడి పందిట్లో శాలువా కప్పారు. 

నేను పీజీ పూర్తయ్యేదాకా డాక్టరు పర్యవేక్షణలో ఆ మాత్రలు వాడాను. ఉద్యోగం వచ్చాక నాకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకున్నాను. పిల్లలు పుట్టరన్న అత్తకి ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకెళ్లి చూపించాను, కొంచెం కక్షగానే. ఎస్తేరమ్మ గారు రిటైరై ఇచ్ఛాపురంలోనే ఉండిపోయారని తెలిసి, ఎనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వెళ్లాను. సన్నబడిపోయారు. పక్కింటి పిల్లతో ఒడియాలో ఏదో గట్టిగా వాదిస్తున్నారు, గొంతు మాత్రం అదే. భోజనం పెట్టి, నేను తింటుంటే అడిగారు. "మీ అప్ప ఎలగుంది?" నడుం వంగిపోయిందని చెప్పాను. ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టేశారు.

"ఆ రోజు మీ అప్పని ఆపరేషనుకి ఆటో ఎక్కించింది నానే" అన్నారు. "మీ ఊరికి కొత్తగా వొచ్చినాను. ఆటోలో నా సెయ్యి పట్టుకుని అడిగింది, సిస్టరమ్మా, మందుల్తో తగ్గదా అని. నాకు తెలుసు. ట్రైనింగులో సెప్పినారు. ఆసుపత్రికి తీసుకెళ్లి సూపిద్దాం, మాత్రలున్నాయని ఒక్క మాటనాల. కొత్త ఊరు, పెద్దోళ్లతో గొడవెందుకని, పెద్దోళ్లు సెప్పినట్టు సెయ్యమ్మా అన్నాను. అది మరేటీ అడగనేదు." మళ్లీ గిన్నె అందుకుని, నా కంచంలో మజ్జిగ పోస్తూ, "ఆ తర్వాత నాను నోరు ముయ్యనేదు. ముయ్యనేదు గాని, దానికి పనికిరానేదు" అన్నారు. మా ఊరంతా హడలిపోయిన ఆ గొంతు ఎక్కడ పుట్టిందో ఆ రోజు తెలిసింది.

రెండేళ్ల కిందట ఆవిడ పోయారు. చర్చిలో పాస్టరు గారు ఆవిడని మృదుభాషిణి అన్నారు. ఆవిడని ఎరగని మనిషి, ఆడమనిషి పోతే అనవలసిన మాట అనేశారు. నేను లేచి కాదని చెప్పవలసింది. చెప్పలేదు.

పోయిన ఆదివారం ఊరెళ్లాను. అప్పకిప్పుడు నలభై ఎనిమిది. కిందటేడు పెరట్లో జారితే తుంటి ఎముక విరిగింది. అరవై ఏళ్లవాళ్లకుండే ఎముకలన్నారు. నేను దాని కాళ్లకి నూనె రాస్తూ, కాలేజీలో పడిపోయిన పిల్ల సంగతి చెప్పాను. అప్ప లేచి కూర్చుంది. "మాత్రల్తో తగ్గిపోయిందా?" అంది. "చాలామందికి తగ్గుతుందే" అన్నాను. "నాకూ తగ్గిపోయీదా?" ఇక దాచలేకపోయాను. తగ్గే ఉండొచ్చని, కనీసం వాడి చూడవలసిందని, ఇచ్ఛాపురంలో ఎస్తేరమ్మ గారు చెప్పిందంతా చెప్పేశాను.

అది ఏడవలేదు. గోడ వైపు తిరిగింది. "ఆవిడ సచ్చిపోయింది, ఆవిణ్ణేటంటాను. ఒప్పుకుంది కూడాను" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిదేళ్లు."

"ఎనిమిదేళ్లు నా కాళ్లు పిసికినావు గాని ఈ మాట సెప్పనేదు."

"బాధపడతావని, అప్పా. నీ మంచికే..."

"కోసినోళ్లూ అదే అన్నారే" అంది అప్ప.

నా చేతుల నూనె అలాగే ఉండిపోయింది. ఎస్తేరమ్మ గారి దగ్గర నుంచి నాకు గొంతు వచ్చిందని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఆటోలో ఆవిడ ఊరుకున్న ఊరుకోవడం కూడా నాకే వచ్చింది. ఇంతమంది మీద కోపంతో మొదలుపెట్టి ఇక్కడిదాకా రాశాను. ఆ వరసలో చివరికి నా పేరు కూడా రాస్తున్నాను.